జాబిక్స్ టెంప్లేట్లు: ఎంచుకోవడం, దించుకోవడం, మన ఊరికి సరిచేసుకోవడం

జాబిక్స్ అంటే సర్వర్లు, నెట్‌వర్కు పరికరాలు ఎలా నడుస్తున్నాయో కొలుస్తూ, తేడా వస్తే అలర్ట్ పంపే సాఫ్ట్‌వేర్. ఏం కొలవాలో, ఎప్పుడు హెచ్చరించాలో ముందే రాసిపెట్టిన ప్యాకేజీ టెంప్లేట్. జాబిక్స్ సర్వరు నిలబెట్టడం ఒక పూట పని. దాంతో వచ్చిన టెంప్లేట్లను ఉన్నవి ఉన్నట్టు నలభై యంత్రాలకు తగిలించడం ఇంకో గంట. అసలు కష్టం మర్నాటి నుంచి మొదలవుతుంది. రోజుకు వందల అలర్టులు వస్తాయి, మూడో రోజుకి ఆ మెయిళ్లను ఎవరూ తెరవరు, పదో రోజున నిజంగా డిస్క్ నిండిపోతే ఎవరికీ తెలియదు. ఇది సాఫ్ట్‌వేర్ లోపం కాదు. టెంప్లేట్ రాసినవాళ్లకు మీ సర్వరు గదీ, మీ కరెంటూ, పలాస శాఖకు వెళ్లే లైనూ తెలియవు. ప్రపంచమంతటికీ సరిపడేలా వాళ్లు ఒక సగటు కొలత పెట్టారు. దాన్ని మన కొలతకు తెచ్చుకోవడం మన పని. ఆ పని టెంప్లేట్‌ను చెడగొట్టకుండా చేయాలి. ఈ మార్గదర్శి అంతా ఆ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

ఇలాంటి ప్యాకేజీకి ఒక్కో సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో పేరు. మైక్రోసాఫ్ట్ సిస్టమ్ సెంటర్ ఆపరేషన్స్ మేనేజర్‌లో మేనేజ్‌మెంట్ ప్యాక్, చెక్‌ఎంకేలో ఎక్స్‌టెన్షన్ ప్యాకేజీ, స్ప్లంక్‌లో యాప్, యాడ్‌ఆన్. నియమం మాత్రం అన్నిచోట్లా ఒకటే. ఆపరేషన్స్ మేనేజర్‌లో సీలు వేసిన ప్యాక్‌ను ఎవరూ మార్చలేరు, మన మార్పులు ఓవర్‌రైడ్‌ల రూపంలో వేరే ప్యాక్‌లో దాచుకోవాలి. స్ప్లంక్‌లో డిఫాల్ట్ అనే ఫోల్డరును ముట్టుకోకుండా లోకల్ అనే ఫోల్డరులో రాసుకోవాలి. జాబిక్స్‌లో ఈ సీలు లేదు. ఎవరైనా, ఏ టెంప్లేట్‌నైనా తెరిచి మార్చేయవచ్చు. అందుకే ఇక్కడ ఆ క్రమశిక్షణ మనమే పెట్టుకోవాలి.

జాబిక్స్‌నే ఎంచుకోవడానికి కారణం ఉంది. ఇది ఓపెన్‌సోర్స్, లైసెన్సు రుసుము లేదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని కాలేజీలు, ఆసుపత్రులు, మిల్లులు, సహకార సంఘాల వంటి చోట్ల ఒకరిద్దరు మనుషులే నెట్‌వర్కు, సర్వర్లు, ప్రింటర్లు అన్నీ చూసుకుంటారు. వాళ్ల బడ్జెట్‌కు అందేది ఇలాంటిదే. కింద చెప్పేది దీర్ఘకాల మద్దతున్న 6.0, 7.0 వెర్షన్లను దృష్టిలో పెట్టుకుని రాసింది. మెనూ పేర్లు 7.0వి.

టెంప్లేట్ లోపల ఏముంటుంది

టెంప్లేట్ అంటే ఒక యామల్ ఫైలు, అంటే తెరిచి చదవగలిగే టెక్స్ట్ ఫైలు. అందులో ఏ కొలత తీయాలి, ఎంతసేపటికోసారి తీయాలి అని చెప్పేది ఐటమ్. ఆ కొలత ఎంత దాటితే సమస్యగా లెక్కించాలో చెప్పేది ట్రిగ్గర్. డిస్కులు, నెట్‌వర్కు పోర్టులు, విండోస్ సర్వీసులు ఒక్కో యంత్రంలో ఒక్కో సంఖ్యలో ఉంటాయి కదా, వాటిని వెతికి పట్టుకుని ఒక్కోదానికి ఐటమ్‌లూ ట్రిగ్గర్లూ తనంతట తానే పుట్టించేది డిస్కవరీ రూల్. 1, 2 వంటి అంకెలను ‘పనిచేస్తోంది’, ‘పడిపోయింది’ అనే మాటలుగా మార్చి చూపేది వాల్యూ మ్యాప్. ఇవి కాక గ్రాఫులు, డ్యాష్‌బోర్డులు, ట్యాగులు ఉంటాయి.

వీటన్నిటికన్నా ముఖ్యమైనది మాక్రో. డాలర్ గుర్తుతో, ఫ్లవర్ బ్రాకెట్ల మధ్య ఉండే పేరు ఇది. డిస్క్ 80 శాతం నిండితే హెచ్చరించు అని ట్రిగ్గర్‌లో 80 అంకె నేరుగా రాసి ఉండదు. అక్కడ మాక్రో పేరు ఉంటుంది, 80 అనే విలువ మాక్రోల పట్టికలో ఉంటుంది. ట్రిగ్గర్‌ను తాకకుండా అంకెను మాత్రం మార్చుకునే కిటికీ అన్నమాట. టెంప్లేట్ చేతికి రాగానే ముందుగా తెరవాల్సింది ఈ పట్టికే. పదిహేను నిమిషాలు కూర్చుని చదివితే రాబోయే నెల రోజుల తలనొప్పిలో సగం అక్కడే కనిపిస్తుంది.

పేరు చివరి మాట చూసి ఎంచుకోండి

లినక్స్‌కు అధికారిక టెంప్లేట్లు ఒకటి కాదు. ‘బై జాబిక్స్ ఏజెంట్’, ‘బై జాబిక్స్ ఏజెంట్ యాక్టివ్’, ‘బై ఎస్ఎన్ఎంపీ’ అని చివరి మాట మారుతుంటుంది. కొలత ఏ దారిలో వస్తుందో ఆ మాట చెబుతుంది. ఏజెంట్ అంటే యంత్రంలో పెట్టే చిన్న జాబిక్స్ ప్రోగ్రామ్, ఎస్ఎన్ఎంపీ అంటే నెట్‌వర్కు పరికరాలను ఆరా తీసే ప్రామాణిక పద్ధతి.

మామూలు ఏజెంట్ టెంప్లేట్‌లో సర్వరే యంత్రం దగ్గరకు వెళ్లి 10050 పోర్టులో అడుగుతుంది. ఒకే భవనంలోని సర్వర్లకు ఇది చాలు. యాక్టివ్ టెంప్లేట్‌లో యంత్రమే సర్వరు దగ్గరకు 10051 పోర్టులో వచ్చి కొలతలు అప్పగిస్తుంది. టెక్కలిలోనో బొబ్బిలిలోనో ఉన్న శాఖలో మామూలు బ్రాడ్‌బ్యాండ్ ఉండి, స్థిరమైన ఐపీ లేకపోతే, సర్వరు బయటి నుంచి లోపలికి వెళ్లలేదు. అక్కడ యాక్టివ్ టెంప్లేటే కావాలి. ఇలా ఇంటర్నెట్ మీదుగా వచ్చే ఏజెంటుకు పీఎస్‌కే (రెండు వైపులా ముందే పెట్టుకున్న రహస్య కీ) లేదా సర్టిఫికెట్‌తో ఎన్‌క్రిప్షన్ తప్పకుండా పెట్టండి.

యాక్టివ్‌లో అందరూ పడే గోతి ఒకటుంది. ఏజెంట్ కాన్ఫిగరేషన్ ఫైలులోని హోస్ట్‌నేమ్, జాబిక్స్‌లో ఆ హోస్ట్‌కు (అది గమనించే యంత్రానికి) రాసిన పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకటే కావాలి. పెద్దబడి, చిన్నబడి అక్షరాల తేడా ఉన్నా కుదరదు. తేడా వస్తే ఏజెంట్ లాగ్‌లో ‘హోస్ట్ నాట్ ఫౌండ్’ అని పడుతుంది, వెబ్ పేజీలో మాత్రం ఐటమ్‌లు ఖాళీగా కనిపిస్తాయి తప్ప కారణం తెలియదు. మామూలు ఏజెంట్‌కైతే ఆ ఫైలులో ‘సర్వర్’ అనే వరుసలో, యాక్టివ్‌కైతే ‘సర్వర్‌యాక్టివ్’ అనే వరుసలో జాబిక్స్ చిరునామా ఉండాలి. రెంటినీ తారుమారు చేయడం కూడా తరచుగా జరిగే పొరపాటే.

స్విచ్చులు, రౌటర్లు, నెట్‌వర్కు కార్డున్న యూపీఎస్‌లకు ఎస్ఎన్ఎంపీ టెంప్లేట్లు. యూడీపీ 161 పోర్టు తెరిచి ఉండాలి. తయారీదారు పేరుతో టెంప్లేట్ ఉంటే అదే వాడండి. లేకపోతే ‘నెట్‌వర్క్ జెనెరిక్ డివైస్’ అనేది పోర్టుల వరకు బాగానే పనిచేస్తుంది. శాఖల్లో టేబుల్ కింద పెట్టే చిన్న యూపీఎస్‌లకు నెట్‌వర్కు కార్డు ఉండదని గుర్తుంచుకోండి. వాటికి ఎస్ఎన్ఎంపీ టెంప్లేట్ తగిలించి ప్రయోజనం లేదు.

దించే ముందు నాలుగు తనిఖీలు

మొదటిది వెర్షన్. కొత్త జాబిక్స్ కోసం రాసిన ఫైలును పాత సర్వరు ఒప్పుకోదు. పాతదాన్ని కొత్త సర్వరు తీసుకుంటుంది. కాబట్టి జాబిక్స్ గిట్ భాండాగారంలో (ఫైళ్లను వెర్షన్ల వారీగా దాచే చోట) మీ సర్వరు వెర్షన్ ‘బ్రాంచి’కే వెళ్లి ఫైలు తెచ్చుకోండి. ఎక్కడో బ్లాగులో దొరికిన ఫైలైతే ఒక్కో ఐటమ్ తెరిచి చదవాలి. రిమోట్‌గా ఆదేశాలు నడిపే ఐటమ్‌లు, బయటి స్క్రిప్టులు అందులో ఉండవచ్చు.

రెండోది ముందస్తు ఏర్పాట్లు. ప్రతి అధికారిక టెంప్లేట్ పక్కనా ఒక రీడ్‌మీ ఉంటుంది. చాలామంది దాన్ని దాటేసి, తర్వాత ఐటమ్‌లన్నీ ‘నాట్ సపోర్టెడ్’ అయ్యాయని బాధపడతారు. ఉదాహరణకు మైఎస్‌క్యూఎల్ టెంప్లేట్‌కు డేటాబేస్‌లో విడిగా ఒక యూజరును సృష్టించి రెప్లికేషన్ క్లయింట్, ప్రాసెస్, షో డేటాబేసెస్, షో వ్యూ అనే నాలుగు హక్కులు ఇవ్వాలి. పోస్ట్‌గ్రెస్‌కైతే పీజీ-మానిటర్ అనే పాత్ర చాలు. ఏ డేటాబేస్‌కైనా అడ్మిన్ పాస్‌వర్డు మాత్రం మాక్రోలో పెట్టొద్దు. పాస్‌వర్డు మాక్రోల రకాన్ని ‘సీక్రెట్ టెక్స్ట్’గా మార్చండి. అప్పుడు టెంప్లేట్ ఎగుమతి చేసినా అది ఫైలులోకి వెళ్లదు. యంత్రం పలుకుతోందో లేదో చూసే పింగ్ టెంప్లేట్‌కు జాబిక్స్ సర్వరులో ఎఫ్‌పింగ్ అనే ప్రోగ్రామ్ ఉండాలి.

మూడోది బ్యాకప్. ఇప్పటికే ఉన్న టెంప్లేట్ మీద కొత్తది దించబోతుంటే, పాతదాన్ని ముందుగా ఎగుమతి చేసి తేదీతో దాచండి. డేటాబేస్ బ్యాకప్ ఉంటే ఇంకా మంచిది.

నాలుగోది డిస్క్ లెక్క. 40 హోస్టులు, ఒక్కోదానికి 120 ఐటమ్‌లు, అన్నీ నిమిషానికోసారి అనుకుందాం. మొత్తం 4,800 ఐటమ్‌లు, సెకనుకు 80 విలువలు, రోజుకు 69 లక్షల పైచిలుకు. ఒక్కో విలువకు సుమారు 90 బైట్లు వేసుకుంటే, 7 రోజుల చరిత్రకు దాదాపు 4.4 జీబీ. గంటకోసారి సగటు దాచే ట్రెండ్స్‌కు ఏడాదికి ఇంకో 3.8 జీబీ. నిజానికి అన్ని ఐటమ్‌లూ నిమిషానికోసారి నడవవు కాబట్టి ఇది కాస్త ఎక్కువ వేసుకున్న లెక్కే. చరిత్రను 7 నుంచి 90 రోజులకు పెంచితే మాత్రం ఆ 4.4 జీబీ దాదాపు 56 జీబీ అవుతుంది. పాత డెస్క్‌టాప్ మీద సర్వరు నడుపుతున్నవాళ్లు ఇక్కడ చేయి బిగించాలి.

దించడం

1. డేటా కలెక్షన్ → టెంప్లేట్స్ → ఇంపోర్ట్ నొక్కి యామల్ ఫైలు ఎంచుకోండి.
2. కింద మూడు నిలువు వరుసల గడులుంటాయి: ఉన్నదాన్ని మార్చు, కొత్తదాన్ని సృష్టించు, ఫైలులో లేనిదాన్ని తొలగించు. టెంప్లేట్ మొదటిసారి దించేటప్పుడు మొదటి రెండూ చాలు.
3. ఇంపోర్ట్ నొక్కగానే, ఉన్న టెంప్లేట్ అయితే ఏం మారబోతోందో ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో చూపిస్తుంది. చదవకుండా ముందుకు వెళ్లొద్దు. ఎరుపులో ఉన్న ఐటమ్ పోతే దాని చరిత్రా పోతుంది.

మూడో గడి, అంటే ‘డిలీట్ మిస్సింగ్’, ప్రమాదకరమైనది. మీరు అధికారిక టెంప్లేట్‌లోకే వెళ్లి రెండు ఐటమ్‌లు చేర్చారనుకోండి. ఆ గడికి టిక్కు పెట్టి కొత్త వెర్షన్ దించితే ఆ రెండూ గల్లంతు. టిక్కు పెట్టకపోతే పాత వెర్షన్ చెత్తంతా మిగిలిపోయి ఒకే కొలత రెండుసార్లు కనిపిస్తుంది. అధికారిక టెంప్లేట్‌ను ముట్టుకున్నవాళ్లకు ఈ రెండిట్లో ఏదీ మంచి దారి కాదు.

మన పొర ఎలా వేసుకోవాలి

అధికారిక టెంప్లేట్‌ను కాపీ చేసుకుని మార్చుకోవడం చాలామంది చేసే పని. చూడ్డానికి సులువే. కానీ కాపీకి కొత్త గుర్తింపు సంఖ్య వస్తుంది. అధికారికంగా కొత్త వెర్షన్ వచ్చినప్పుడు మీ కాపీకి అది అంటదు. రెండేళ్ల తర్వాత ఆ కాపీ ఎవరు చేశారో, ఏం మార్చారో ఆఫీసులో ఎవరికీ గుర్తుండదు.

ఇంతకన్నా మంచి దారి, ఖాళీ టెంప్లేట్ ఒకటి సృష్టించి దాని లోపల అధికారిక టెంప్లేట్‌ను లింకు చేయడం. టెంప్లేట్ అసలు పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఉండాలి, ‘విజిబుల్ నేమ్’ తెలుగులోనే పెట్టుకోవచ్చు: ‘శ్రీకాకుళం లినక్స్ సర్వర్లు’ అని. మాక్రోల ట్యాబ్‌లోకి వెళ్లి, మీకు వేరే విలువ కావలసిన మాక్రోలను మాత్రం ఇక్కడ రాయండి. అదనపు ఐటమ్‌లు, ట్రిగ్గర్లు ఉంటే అవీ ఇక్కడే. ఇక హోస్టులన్నిటికీ ఈ పై టెంప్లేట్‌నే తగిలించండి.

ఇది ఎందుకు పనిచేస్తుందంటే, మాక్రో విలువ వెతికేటప్పుడు జాబిక్స్ ముందు హోస్ట్ మీద చూస్తుంది. అక్కడ లేకపోతే హోస్ట్‌కు నేరుగా తగిలించిన టెంప్లేట్‌లో, తర్వాత దాని లోపలి టెంప్లేట్‌లో, చివరికి గ్లోబల్ మాక్రోల్లో. మీ టెంప్లేట్ హోస్ట్‌కు దగ్గరగా ఉంది కాబట్టి మీ మాటే నెగ్గుతుంది. అధికారిక టెంప్లేట్ మాత్రం దించినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంటుంది. ఒక జాగ్రత్త: మీ పై టెంప్లేట్‌నూ, లోపలున్న అధికారిక టెంప్లేట్‌నూ ఒకే హోస్ట్‌కు నేరుగా తగిలించబోతే జాబిక్స్ ఒప్పుకోదు. ముందు పాత లింకు తీసి, తర్వాత మీది తగిలించాలి.

మాక్రో మార్చిన ప్రతిసారీ పక్కనున్న వివరణ గడిలో ఎందుకు మార్చారో, ఏ తేదీనో రాయండి. ఈ ఒక్క అలవాటు మీ తర్వాత ఆ కుర్చీలో కూర్చునేవాళ్లకు మీరు చేసే పెద్ద మేలు.

ఒక్క హోస్ట్‌తో మొదలు

నలభైకీ ఒకేసారి తగిలించకండి. ఒక్కో రకానికి ఒక్కో యంత్రం: ఒక లినక్స్, ఒక విండోస్, ఒక స్విచ్చు. రెండు పనిరోజులు, ఒక రాత్రి బ్యాకప్ సమయం, ఒక ఆదివారం గడవనివ్వండి. అంతలోపు మానిటరింగ్ → లేటెస్ట్ డేటాలో విలువలు వస్తున్నాయా చూడండి. ఐటమ్‌ల జాబితాలో ‘నాట్ సపోర్టెడ్’ అని వడకట్టి, ఒక్కోదాని పక్కనున్న ఎర్ర గుర్తు మీద మౌస్ ఉంచితే కారణం కనిపిస్తుంది.

ఏజెంట్‌కు ఆ కీ (ఐటమ్‌లో కొలతకు ఇచ్చిన పేరు) తెలియదని వస్తే, ఏజెంట్ పాతది కావచ్చు, లేదా ఏజెంట్ 2 అనే కొత్త రకం ఏజెంట్ కోసం రాసిన టెంప్లేట్‌ను మామూలు ఏజెంట్‌కు తగిలించి ఉండవచ్చు. ‘నో సచ్ ఇన్‌స్టెన్స్’ అంటే ఆ పరికరంలో ఆ కొలతే లేదు. ఫ్యాను సెన్సరు లేని చిన్న స్విచ్చుకు ఫ్యాను వేగం అడిగినట్టు. దాన్ని హోస్ట్ మీద డిసేబుల్ చేస్తే చాలు. టైమౌట్ అయితే, సర్వరు డిఫాల్ట్‌గా 3 సెకన్లే ఆగుతుందని గుర్తుంచుకోండి. దూరపు శాఖలోని నెమ్మది రౌటరుకు అది చాలకపోవచ్చు. అనుమానం ఉన్న ఐటమ్‌ను తెరిచి ‘టెస్ట్’ నొక్కితే అక్కడికక్కడే విలువ తెచ్చి చూపిస్తుంది. గంటకోసారి నడిచే డిస్కవరీ రూల్‌ను గంట సేపు ఎదురు చూడకుండా ‘ఎగ్జిక్యూట్ నౌ’తో నడిపించవచ్చు.

డిస్క్ లెక్కలో మెలిక

6.0తో వచ్చిన లినక్స్ టెంప్లేట్‌లో హెచ్చరికకు 80 శాతం, తీవ్రస్థాయికి 90 శాతం. అయితే శాతం దాటగానే అలర్ట్ రాదు. దాంతోపాటు ఖాళీ స్థలం హెచ్చరికకైతే 10 జీబీ కన్నా, తీవ్రానికైతే 5 జీబీ కన్నా తక్కువ ఉండాలి, లేదా ఇప్పటి వేగంతో ఒక్క రోజులోపు నిండిపోయేలా ఉండాలి. 50 జీబీ డిస్కుకు ఇది బాగుంది. సీసీటీవీ రికార్డింగులు దాచే 4 టెరాబైట్ల డిస్కు 95 శాతం నిండినా ఇంకా 200 జీబీ ఖాళీ ఉంటుంది, నెమ్మదిగా నిండుతుంటే అలర్ట్ రాదు. ఇది లోపం కాదు, కావాలని రాసిందే. కానీ 90 శాతానికి అలర్ట్ వస్తుందని మేనేజరుకు మాట ఇచ్చేముందు ట్రిగ్గర్ వాక్యాన్ని తెరిచి చదవాలి. వెర్షన్ మారితే ఆ వాక్యమూ మారవచ్చు.

ఒకే యంత్రంలో ఒక్కో డిస్కుకు ఒక్కో హద్దు కావాలంటే మాక్రో పేరు తర్వాత కోలన్ పెట్టి, కొటేషన్ గుర్తుల మధ్య డిస్క్ పేరు రాయండి. దీన్ని కాంటెక్స్ట్ అంటారు. ‘బ్యాకప్’ అనే డిస్కుకు 95, మిగతావాటికి 80 అని విడదీయవచ్చు. ఎప్పుడూ నిండుగానే ఉండే బ్యాకప్ డిస్కుకు ఇదే మందు.

విండోస్ సర్వీసుల గోల

విండోస్ టెంప్లేట్ ‘ఆటోమేటిక్’ అని ఉన్న ప్రతి సర్వీసునూ పట్టుకుని, అది ఆగితే అలర్ట్ ఇస్తుంది. కొన్ని సర్వీసులు పని ఉన్నప్పుడు లేచి, పనవగానే వాటంతటవే ఆగిపోతాయి. వాటి రాకపోకలన్నీ మీ మెయిల్‌కు వచ్చి పడతాయి. పరిష్కారం ‘నాట్ మ్యాచెస్’ అని ముగిసే సర్వీస్ పేర్ల మాక్రో, పట్టుకోకూడని సర్వీసుల జాబితా అది. అందులో పేర్ల వరుస ఇప్పటికే పొడవుగా ఉంటుంది. మీ టెంప్లేట్‌లో అదే మాక్రోకు మీ రెండు పేర్లే రాస్తే పాత వరుసంతా రద్దయి గోల ఇంకా పెరుగుతుంది. పాత విలువను పూర్తిగా కాపీ చేసుకుని, చివర్లో నిలువు గీతతో మీ పేర్లు కలపండి. ముందే పట్టుబడ్డ సర్వీసులు వెంటనే పోవు. డిస్కవరీ మళ్లీ నడిచాక ‘దొరకనివి’గా మారి, గడువు తర్వాత తొలగిపోతాయి. ఆ గడువు డిఫాల్ట్‌గా 6.0లో 30 రోజులు, 7.0లో 7 రోజులు.

స్విచ్చు పోర్టులు

ఇరవై నాలుగు పోర్టుల స్విచ్చుకు టెంప్లేట్ తగిలిస్తే సాయంత్రం ఐదున్నరకు ఆఫీసు కంప్యూటర్లు ఆపగానే వరసగా ‘లింక్ డౌన్’లు మొదలవుతాయి. ట్రిగ్గర్ చూసేది పోర్టు పైనున్న స్థితి నుంచి కిందకు పడిందా అనే. ఇక్కడ ఐఎఫ్-కంట్రోల్ అనే మాక్రో ఉంది, డిఫాల్ట్ విలువ 1. మీ స్విచ్చుల టెంప్లేట్‌లో దాన్ని 0 చేయండి. తర్వాత ఆయా హోస్టుల మీద అప్‌లింక్ పోర్టు (స్విచ్చును మిగతా నెట్‌వర్కుకు కలిపేది), సర్వరు పోర్టు, వైఫై పరికరాల పోర్టుల పేర్లను కాంటెక్స్ట్‌గా రాసి వాటికి మాత్రం 1 ఇవ్వండి. మూడు నాలుగు వరుసల పని, రోజూ సాయంత్రం గోల ఆగిపోతుంది. పోర్టు పేరు పరికరం చెప్పినట్టే రాయాలి. డిస్కవరీలో వచ్చిన ఐటమ్ పేరులోంచి కాపీ చేసుకోవడం మేలు.

పాత టెంప్లేట్లతో ఇంకో చిక్కు. పోర్టు గుండా వెళ్లిన డేటాను లెక్కపెట్టే 32 బిట్ల కౌంటరు 100 ఎంబీపీఎస్ నిండు వేగంలో ఆరు నిమిషాల లోపే చుట్టు తిరిగి సున్నాకు వస్తుంది. గిగాబిట్‌లో అయితే 35 సెకన్లకే. నిమిషానికోసారి చదివితే గ్రాఫు అబద్ధం చెబుతుంది. పేరులో ‘హెచ్‌సీ’ అని ఉండే 64 బిట్ల కౌంటర్లు వాడే టెంప్లేట్‌నే తీసుకోండి. ఆ కౌంటర్ల కోసం ఎస్ఎన్ఎంపీ వెర్షన్ 2సీ లేదా 3 కావాలి, వెర్షన్ 1లో అవి రావు. ఎస్ఎన్ఎంపీలో పాస్‌వర్డులా పనిచేసే కమ్యూనిటీ మాక్రో డిఫాల్ట్ విలువ ‘పబ్లిక్’. దాన్ని అలాగే వదిలేయడం తలుపు తీసి నిద్రపోవడమే.

శాఖలు, కరెంటు, తుపాను

శ్రీకాకుళంలో ప్రధాన కార్యాలయం, నరసన్నపేట, టెక్కలి, పలాస, రాజాంలో శాఖలు ఉన్న సంస్థను ఊహించుకోండి. రోడ్డు తవ్వకంలో పలాస లైను తెగితే అక్కడి ఎనిమిది యంత్రాలూ ‘అందుబాటులో లేవు’ అంటాయి. కావలసిన అలర్ట్ ఒక్కటే, అది రౌటరుది. ఇందుకు ట్రిగ్గర్ డిపెండెన్సీ ఉంది. పలాస యంత్రాల ‘అందుబాటులో లేదు’ ట్రిగ్గర్‌ను హోస్ట్ మీద తెరిచి, డిపెండెన్సీస్ ట్యాబ్‌లో పలాస రౌటరు పింగ్ ట్రిగ్గర్‌ను చేర్చండి. రౌటరు సమస్యలో ఉన్నంతసేపు మిగతావి నోరెత్తవు.

టెంప్లేట్ డిఫాల్ట్ ఇక్కడ అడ్డు వస్తుంది. పింగ్ ఐటమ్ నిమిషానికోసారి నడుస్తుంది, వరసగా మూడు సార్లు విఫలమైతే ట్రిగ్గర్ మోగుతుంది. రౌటరుకీ, దాని వెనకున్న యంత్రాలకీ ఒకే టెంప్లేట్ అయితే ఎవరు ముందు మోగుతారో చెప్పలేం. యంత్రం ముందు మోగితే దాని అలర్ట్ వెళ్లిపోయినట్టే. అందుకే రౌటరు పింగ్‌ను 30 సెకన్లకు తగ్గించండి. ఐటమ్ విరామాన్ని హోస్ట్ మీదే మార్చవచ్చు, టెంప్లేట్‌ను తాకనక్కర్లేదు. పింగ్ ఆలస్యం హద్దు డిఫాల్ట్‌గా 0.15 సెకన్లు, ప్యాకెట్ల నష్టం హద్దు 20 శాతం. మొబైల్ డేటా మీద నడిచే శాఖకు ఆలస్యం హద్దును 0.3కు పెంచి చూడండి.

కరెంటు రెండు నిమిషాలు పోయి వచ్చే చోట యూపీఎస్ ‘బ్యాటరీ మీద ఉంది’ అన్న ప్రతిసారీ ఫోను మోగనవసరం లేదు. మీ టెంప్లేట్‌లో విడిగా ఒక ట్రిగ్గర్ రాసి, ఐదు నిమిషాలు వరసగా బ్యాటరీ మీదే ఉంటే మోగేలా పెట్టండి. బ్యాటరీ శాతం అలర్ట్‌ను మాత్రం ఆలస్యం చేయకండి. సర్వర్లను పద్ధతిగా ఆపడానికి ఆ నిమిషాలే మిగులుతాయి.

శాఖలో ఐదారు యంత్రాలు మించితే అక్కడ ఒక జాబిక్స్ ప్రాక్సీ (సర్వరు తరఫున అక్కడే కొలతలు పోగుచేసే ప్రోగ్రామ్) పెట్టండి. లైను తెగినా అది కొలతలు దాచి, లైను రాగానే అప్పగిస్తుంది. కానీ డిఫాల్ట్‌గా అది దాచేది ఒక్క గంట డేటానే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కరెంటు, ఫోను లైన్లు రోజుల తరబడి లేని చోట గంట సరిపోదు. ప్రాక్సీ కాన్ఫిగరేషన్‌లో ‘ప్రాక్సీ ఆఫ్‌లైన్ బఫర్’ విలువను 72 గంటలకు పెంచండి (720 వరకు వెళ్లవచ్చు), ఆ డేటాకు డిస్కులో చోటు ఉంచండి. ప్రాక్సీకీ, దాని స్విచ్చుకీ యూపీఎస్ ఉండాలని వేరే చెప్పనక్కర్లేదు. అక్టోబరు, నవంబరు నెలలకు ముందే ఒకసారి లైను పీకి, రెండు గంటల తర్వాత పెట్టి, గ్రాఫులో ఖాళీ నిండిందో లేదో పరీక్షించండి.

అప్‌గ్రేడ్ అయినప్పుడు

జాబిక్స్ సర్వరును 6.0 నుంచి 7.0కు తెచ్చినా టెంప్లేట్లు పాతవే ఉంటాయి. అవి వాటంతటవే మారవు. చాలా ఆఫీసుల్లో సర్వరు కొత్తది, టెంప్లేట్లు మూడేళ్ల నాటివి. కొత్త వెర్షన్లలో టెంప్లేట్ల జాబితాలోనే ఎవరు రాశారో, వెర్షన్ ఎంతో కనిపిస్తుంది. అక్కడ ఖాళీగా ఉంటే అది పాతది కావచ్చు, లేదా ఎవరో చేసిన కాపీ కావచ్చు.

వరస ఇలా పెట్టుకోండి. పాత టెంప్లేట్ ఎగుమతి. పరీక్ష సర్వరులో (ఒక వర్చువల్ మెషిన్ చాలు) అదే ఎగుమతిని దించి, దాని మీద కొత్త ఫైలు ఇంపోర్ట్. తేడాల తెరలో పోయే ఐటమ్‌ల జాబితా రాసుకోవడం. వాటి చరిత్ర ఎవరికైనా కావాలంటే ముందే గ్రాఫులు, లెక్కలు తీసి ఇవ్వడం. ఆ తర్వాతే అసలు సర్వరులో, ఈసారి ‘డిలీట్ మిస్సింగ్’ టిక్కుతో. అధికారిక టెంప్లేట్‌ను మీరు ముట్టుకోలేదు కాబట్టి ఇప్పుడు ఆ టిక్కు భయం లేదు.

తర్వాత అందరూ మరిచిపోయే తనిఖీ ఒకటుంది. కొత్త వెర్షన్‌లో మాక్రో పేరు మారి ఉంటే జాబిక్స్ ఏ తప్పూ చూపించదు. మీ పై టెంప్లేట్‌లో పాత పేరుతో ఉన్న విలువ ఉత్తినే పడి ఉంటుంది, ట్రిగ్గర్ మాత్రం కొత్త పేరుతో డిఫాల్ట్ విలువ తీసుకుంటుంది. మీరు 95 అనుకుంటారు, నడిచేది 80. మీ టెంప్లేట్‌లోని ఒక్కో మాక్రో పేరునూ కొత్త యామల్ ఫైలులో వెతికి, దొరకనివాటికి కొత్త పేరేమిటో చూసి మార్చండి. ముప్పై మాక్రోలుంటే అరగంట పని.

తీసేసేటప్పుడు

హోస్ట్ నుంచి టెంప్లేట్ తీసేటప్పుడు రెండు బటన్లు పక్కపక్కనే ఉంటాయి. ‘అన్‌లింక్’ అంటే టెంప్లేట్‌తో బంధం తెగుతుంది, ఐటమ్‌లూ చరిత్రా హోస్ట్ మీద ఉండిపోతాయి. ‘అన్‌లింక్ అండ్ క్లియర్’ అంటే ఐటమ్‌లతో పాటు చరిత్ర మొత్తం పోతుంది, వెనక్కి తెచ్చుకోలేరు. పాత టెంప్లేట్ నుంచి మీ పై టెంప్లేట్‌కు మారుతున్నప్పుడు మొదటిదే నొక్కాలి. కొత్త టెంప్లేట్ తగిలించగానే, అదే కీ ఉన్న ఐటమ్‌లను అది తన కిందకు తీసుకుంటుంది, చరిత్ర కొనసాగుతుంది. కీ కలవనివి అనాథల్లా హోస్ట్ మీద మిగులుతాయి. ఐటమ్‌ల జాబితాలో ‘ఇన్‌హెరిటెడ్: నో’ అని వడకడితే అవన్నీ బయటపడతాయి. చూసుకుని అక్కరలేనివి తొలగించండి.

అన్నీ కుదిరాక మీ పై టెంప్లేట్లను యామల్‌గా ఎగుమతి చేసి గిట్‌లోనో, కనీసం వేరే యంత్రంలోని ఒక ఫోల్డరులోనో పెట్టండి. సీక్రెట్ మాక్రోల విలువలు ఆ ఫైళ్లలో ఉండవు కాబట్టి వాటిని విడిగా, పాస్‌వర్డులు దాచే చోట రాసుకోవాలి. కొత్త సర్వరు పెట్టాల్సి వచ్చిన రోజున ముందు అధికారిక టెంప్లేట్లు, తర్వాత మీవి దించాలి. వరస తప్పితే లోపలి టెంప్లేట్ దొరకలేదని ఇంపోర్ట్ ఆగిపోతుంది.